గొట్టంలో గొంతు

లాండ్రీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. హాజరు వేసే గుమాస్తాతో సహా అందరికీ ఆమె కంచు. గొంతు అలాంటిది మరి. నోరు విప్పిందంటే కంచు గిన్నె రాతి గచ్చు మీద పడ్డట్టే ఉండేది.

అది పుట్టుకతో వచ్చిన గొంతు కాదు. పెళ్లయిన కొత్తలో ఆమె మాట పక్కనున్న మొగుడికి కూడా వినపడేది కాదు. కానీ అత్తగారికి చెవుడు. "కాఫీ కావాలా అత్తయ్యా?" అని అడిగితే ఆవిడ ఉలిక్కిపడి "కాపలా ఎందుకే, దొంగలు పడ్డారా?" అనేది. కోడలు ఇంకాస్త గట్టిగా అడిగేది. అత్తగారి చెవుడు ఏటికేడూ పెరిగింది, దానితో పోటీ పడి కోడలి గొంతూ పెరిగింది. ఇప్పుడు కంచు ఇంట్లో గుసగుసలాడినా ఎదురింటివాళ్లు సమాధానం చెబుతారు.

ఆసుపత్రి నేలమాళిగలో ఆ గొంతుకు మంచి ఉపయోగమే ఉండేది. అక్కడ పెద్ద ఉతుకు యంత్రాలు రొద పెడుతూ తిరిగేవి. వాటిని చూసుకునే పెద్దాయనను అందరూ బాబాయి అనేవారు. ఆ పక్కన ఆరబెట్టే డ్రమ్ము, దాని పక్కన దుప్పట్లను మింగి మడత లేకుండా కక్కే ఇస్త్రీ రోలరు, గోడవారగా పొడుగాటి బల్ల. పై అంతస్తు నుంచి కింది దాకా గోడలోనే ఒక రేకు గొట్టం దిగేది. ప్రతి అంతస్తులో దానికి ఒక చిన్న తలుపు. మాసిన దుప్పట్లను ఆయాలు అందులోకి తోస్తే, అవి జారుకుంటూ వచ్చి కింద తొట్టిలో ధబ్బుమని పడేవి.

దుప్పటి మడత పెట్టడం ఇద్దరు మనుషుల పని. కంచు ఒక కొస పట్టుకుంటే సన్నక్క రెండో కొస పట్టుకునేది. సన్నక్క పనిలో చేరినప్పుడు సన్నగా ఉండేదట. ఆ తర్వాత మనిషి మారింది గానీ పేరు మార్చే తీరిక ఎవరికీ దొరకలేదు. కొసలు కలపాలి, వెనక్కి అడుగు వేయాలి, లాగాలి, మళ్లీ దగ్గరకు రావాలి. పాట ఉంటే ఆ అడుగులు కుదురుతాయి. అందుకని కంచు పాటలు కట్టేది. ఆ పాటల్లో ఉండేవి కూడా దుప్పట్లే.

"మంచమెక్కి పడుకున్న మహరాణి ఎవరే,
మందు చేదని మూతి ముడిచింది ఎవరే,
దులిపినా పోదు నీ మీది మరక,
దుప్పటీ దుప్పటీ, చెప్పవే సరిగా!"

చివరి మాట మీద అందరూ కలిసి దుప్పటిని ఫట్టుమని దులిపేవారు. బాబాయి యంత్రం మీద అరచేత్తో దరువు వేసేవాడు.

ఇస్త్రీ రోలరు దగ్గర ఇద్దరితో కలిపి వాళ్లు అయిదుగురు. వాళ్లు పైకి వెళ్లేది ఉతికిన బట్టల బండి తోసుకుంటూ వార్డు గుమ్మం దాకానే. లోపల అడుగు పెట్టడానికి లేదు. ఆ కాస్త దారిలో కూడా వాళ్లు ఎవరి కంటికీ ఆనేవారు కాదు. నడవాలో కూర్చున్నవాళ్లు బండి చప్పుడికి కాళ్లు ముడుచుకునేవారు గానీ తల ఎత్తేవారు కాదు. ఒకసారి ఒక కుర్ర డాక్టరు ఫోనులో మాట్లాడుతూ, తాగేసిన టీ కప్పు తీసుకొచ్చి సన్నక్క చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. బల్ల అనుకున్నాడు కాబోలు. ఇంకోసారి సరుకుల లిఫ్టులో ఇద్దరు డాక్టర్లు కంచు భుజం పక్కనే నిలబడి, మూడో డాక్టరు పెళ్లాం పుట్టింటికి ఎందుకు వెళ్లిపోయిందో పూసగుచ్చినట్టు చెప్పుకున్నారు. కంచు కిందికొచ్చి ఆ కథంతా ఇద్దరి గొంతులతోనూ నటించి చూపిస్తే, బాబాయి నవ్వలేక యంత్రం పట్టుకుని కూలబడ్డాడు.

గేటు దగ్గర కాపలా మనిషి ఏళ్ల తరబడి రోజూ ఆమె సంచీ తెరిపించి చూసి లోపలికి పంపేవాడు. ఒక సెలవు రోజున చుట్టాలావిడను చూడ్డానికి కంచు మామూలు బట్టల్లో వస్తే అతను లేచి నిలబడి, "ఎవరి కోసం వచ్చారు మేడమ్?" అన్నాడు.

కంచు తడుముకోకుండా, "పెద్ద డాక్టరుగారు రమ్మన్నారు," అని చెప్పి దర్జాగా లోపలికి నడిచింది.

ఇవన్నీ చెప్పుకుని వాళ్లు నవ్వుకునేవారు. అప్పుడప్పుడు ఆ నవ్వు చివర్లో ఎవరో ఒకరు చిన్నగా నిట్టూర్చేవారు. మళ్లీ పాట అందుకునేవారు.

ఒక మధ్యాహ్నం పాట మంచి ఊపులో ఉంది. రెండో చరణం సగంలో యంత్రం గంట మోగితే కంచు ఆగింది. అప్పుడు గొట్టంలోంచి ఒక గొంతు వినిపించింది.

"హలో! హలో! లైన్లో ఎవరు?"

సన్నక్క చేతిలోంచి దుప్పటి కొస జారిపోయింది. "అమ్మో! గొట్టం మాట్లాడుతోందే!"

"గొట్టం కాదు, నేను! పాట ఆపేశారేం? చరణం మధ్యలో లైను కట్ చేయడం ఏం మర్యాదండీ?"

కంచు తొట్టి మీదికి వంగి, గొట్టంలోకి తల పెట్టింది. "ఎవరండీ మీరు? ఎక్కణ్ణుంచి?"

"మూడో అంతస్తు, ఆడవాళ్ల ఎముకల వార్డు, చివరి మంచం. ఈ గొట్టం తలుపు గడియ ఊడిపోయి నా తలకాయ పక్కనే నోరు తెరుచుకునుంది. ఇంతకీ నువ్వెక్కడ?"

"కిందండీ. లాండ్రీలో."

"కింద లాండ్రీ ఉందా?"

"మరి మీ దుప్పట్లు వాటంతట అవే స్నానం చేసొస్తున్నాయనుకున్నారా?"

గొట్టమంతా గలగలమనేలా నవ్వు దిగింది. "నవ్వించకే తల్లీ! తుంటికి కుట్లున్నాయి!"

అలా మొదలైంది. పైనున్న ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. రిటైరై చాలా కాలమైంది. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. "ఆపరేటరుకే ఆపరేషను," అని ఆవిడ తన మీద తనే వేసుకున్న జోకు. కంచు ఆవిడను పిన్నిగారూ అంది. ఆవిడ కంచును మొదటి రోజు అమ్మాయ్ అని, రెండో రోజు ఒసేయ్ అని పిలిచింది.

"నా ఉద్యోగమంతా గొంతుతోనే గడిచిందే," అంది ఆపరేటరమ్మ ఒక రోజు. "ఊళ్లో పెళ్లి కుదిరినా, ఎవరైనా పోయినా, పంట అమ్ముడైనా ముందు నా చెవిలో పడాల్సిందే. ఒక కొట్టాయన పొద్దున్నే నాతో మాట్లాడకపోతే తోచదనేవాడు. ఒకసారి ఆయన కొట్టుకే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. 'ఏం కావాలమ్మా' అని నా వెనకున్నావిడతో బేరం మొదలెట్టాడు."

"నోరు తెరిచి ఒక్క మాట అనకపోయారా?"

"అన్నాను. 'నంబరు చెప్పండి' అన్నాను. చేతిలో తక్కెడ వదిలేశాడు పాపం!"

ఇప్పుడు ఆసుపత్రిలోనూ అదే తంతు అని ఆవిడ చెప్పింది. పెద్ద డాక్టరు మంచం దగ్గరకొచ్చి కోడల్ని అడుగుతాడట, "ఈవిడకి నిద్ర పడుతోందా?" అని. కోడలు కొడుకు వైపు చూస్తుందట. కొడుకు నర్సు వైపు చూస్తాడట. "నా నిద్ర గురించి నన్ను తప్ప ఊరందర్నీ అడుగుతారే!"

"మా పనీ అంతే పిన్నిగారూ," అంది కంచు. "మీకు కనీసం చార్టులో పేరుంది."

రోజులు గడిచేకొద్దీ ఆపరేటరమ్మ పాత ఉద్యోగంలో మళ్లీ చేరిపోయినట్టే అయింది. వార్డులో ఎవరికి ఏ పాట కావాలో అడగడం, కిందికి చెప్పడం. "కిటికీ పక్క మంచం కుట్టు టీచరుగారికి మహరాణి పాట కలుపు! పరీక్షలకి చదువుకుంటున్న పిల్లకి నిద్ర రాని పాట ఏదైనా ఉంటే పాడండి!" ఒక బడిని నడిపే పెద్ద టీచరమ్మ రెండు చేతులూ విరిగి కట్లతో పడుకుని ఉంది. ఆవిడ ఆ కట్లనే మంచం ఇనుప పట్టీకి కొట్టి తాళం వేస్తోందని ఆపరేటరమ్మ చెబితే, కంచు ఆవిడ కోసమే ఒక చరణం కట్టింది. బెత్తం పట్టలేని టీచరమ్మను చూసి బెత్తమే బెంగపడిందని ఆ చరణం. అది విని వార్డు వార్డంతా ఎంత నవ్విందంటే, ఆ నవ్వు గొట్టంలో దిగి బాబాయి యంత్రం రొదలో కూడా వినిపించింది. పనిలో చేరాక పై నుంచి దుప్పట్లతో పాటు అంతమంది నవ్వు రావడం వాళ్లకు అదే మొదలు.

ఆ వార్డుకు ఒక హెడ్ నర్సు ఉంది. అందరూ సిస్టరమ్మ అంటారు. గంజి పెట్టిన టోపీ, గంజి పెట్టిన మొహం. దుప్పటి మీద ఒక్క ముడత కనిపించినా కిందికి కబురు పంపేది. ఆవిడకు పాట వినిపించింది గానీ, అది పైనున్న సీలింగు స్పీకర్లలోంచి వస్తోందనుకుంది. అత్యవసరమైతే పిలవడానికి పెట్టిన స్పీకర్లవి. పెద్ద డాక్టరు కూడా ఒక రోజు రౌండ్సులో ఆగి చెవి రిక్కించాడు.

"ఈ రేడియో ఎవరు పెట్టారు?"

"తెలీదు సార్. కనుక్కుంటాను," అంది సిస్టరమ్మ.

ఎలక్ట్రీషియను నిచ్చెన వేసుకుని వచ్చాడు. ఒక్కో స్పీకరు మూత విప్పి, ఊది, తుడిచి, మళ్లీ బిగించాడు. పాట ఆగలేదు. వైరు పీకేశాడు. అయినా ఆగలేదు. అతని నుదుటి మీద చెమట పట్టింది. మంచాల మీద ఆడవాళ్లందరూ దుప్పట్లు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటున్నారు.

ఆపరేటరమ్మకు జాలేసింది. "నాయనా, అది రేడియో కాదు. మనుషులు పాడుతున్నారు."

"ఎక్కడండీ మనుషులు?"

"ఈ గోడలో గొట్టం ఉంది చూడు, దాని కింద."

అతను ఆవిడ వైపు ఒకసారి, ఆవిడ పక్కనున్న మందుల వైపు ఒకసారి చూశాడు. "అలాగే బామ్మగారూ, మీరు పడుకోండి," అన్నాడు. కానీ వెళ్తూ వెళ్తూ గొట్టం తలుపు వేలాడుతోందని వడ్రంగికి చెప్పాడు. వడ్రంగి వచ్చి కొత్త గడియ బిగించి, తలుపు చుట్టూ రబ్బరు పట్టీ కూడా కొట్టి, చక్కగా మూసేసి వెళ్లాడు. ఇక దాన్ని ఆయాలు తప్ప ఎవరూ తీయకూడదని సిస్టరమ్మ గట్టిగా చెప్పింది.

కింద కంచుకు ఇదేం తెలియదు. "పిన్నిగారూ!" అని పిలిస్తే జవాబు లేదు. మర్నాడూ లేదు. ఆ మర్నాడు సన్నక్క, బాబాయి కూడా కలిసి అరిచారు. గొట్టంలోంచి ఒక దిండు గలీబు వచ్చి కంచు మొహాన పడింది తప్ప మాట రాలేదు.

"ఇంటికి పంపేశారేమోలే," అంది సన్నక్క.

"చెప్పకుండా వెళ్లే మనిషేనా?"

సన్నక్క తొట్టిలోని దుప్పట్ల వైపు చూసింది. ఆ నేలమాళిగలో అందరికీ తెలిసిన సంగతే అది. మనిషి కింద పరిచిన దుప్పటి వస్తుంది. దాని మీద పడుకున్న మనిషి లేచి ఇంటికి నడిచి వెళ్లాడా, మరెలాగైనా వెళ్లాడా అన్నది ఎవరూ వచ్చి చెప్పరు. ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి పంపడమే. ఇన్నేళ్లలో కంచు అలా ఎన్ని దుప్పట్లు పంపిందో. ఎవరి గురించీ అడగాలనిపించలేదు, ఎందుకంటే ఎవరి గొంతూ వినలేదు. ఇప్పుడు వింది. ఆ రోజు పాట లేదు. దుప్పట్ల మడతలు వంకరగా వచ్చాయి.

మధ్యాహ్నం భోజనాల వేళ కంచు లేచింది. "నేను పైకెళ్లి చూసొస్తా."

"వార్డులోకా? ఎవరైనా చూస్తే?" అన్నాడు బాబాయి.

కంచు బండి మీద నాలుగు మడత దుప్పట్లు పెట్టుకుంది. "ఎవరు చూస్తారు బాబాయ్? ఇన్నేళ్లలో మనల్ని చూసినవాడెవడో చెప్పు!"

నిజంగానే ఎవరూ చూడలేదు. ఆమె సరుకుల లిఫ్టు వదిలేసి, కావాలనే ముందువైపు పెద్ద లిఫ్టు ఎక్కింది. లోపల సూపర్వైజరు ఉన్నాడు; కాస్త పక్కకు జరిగి ఫోను చూసుకున్నాడు. నడవాలో పెద్ద డాక్టరు ఎదురొచ్చాడు. బండికి దారిచ్చి వెళ్లిపోయాడు. వార్డు గుమ్మం దగ్గర "అనుమతి లేనిదే లోపలికి రాకూడదు" అన్న బోర్డు ఉంది. కంచు దానికేసి చూసి కూడా, బండి తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు నవ్వొచ్చింది. ఈ మాయ తెలిస్తే బ్యాంకులే దోచుకోవచ్చుననుకుంది.

చివరి మంచం ఖాళీగా ఉంది. పరుపు మీద దుప్పటి కూడా లేదు.

కంచు బండి పిడిని గట్టిగా పట్టుకుంది. పక్క మంచాల వాళ్లు ఒకరు పత్రిక చదువుతున్నారు, ఒకరు కునుకు తీస్తున్నారు. ఎవరూ ఆమెవైపు చూడలేదు. చివరికి ఆమే, "ఈ మంచం పెద్దావిడ ఏరండీ?" అని అడిగింది.

మెల్లగా అడిగాననే అనుకుంది. మందుల ట్రేలో సీసాలు గలగలమన్నాయి.

పెద్ద టీచరమ్మ కట్టు చేతులతో సహా లేచి కూర్చుంది. "ఏదీ, మళ్లీ అను!"

"ఈ మంచం పెద్దావిడ..."

"గొట్టం గొంతు!" అని అరిచింది పెద్ద టీచరమ్మ. "లేవండే, లేవండి! గొట్టం గొంతు వచ్చింది!"

పత్రిక కింద పడింది. కునుకు తీస్తున్నావిడ లేచింది. పరీక్షల పిల్ల ఒంటి కాలితో మంచాల అంచులు పట్టుకుంటూ గెంతుకుంటూ వచ్చేసింది. "ఇంత పొట్టిగా ఉన్నారేంటండీ? మేమంతా మీరు ఆరడుగులు ఉంటారని పందెం వేసుకున్నాం!" కుట్టు టీచరు కంచు చెయ్యి పట్టుకుని వదల్లేదు. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు, అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమెకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏప్రాన్ సర్దుకుంది. జుట్టు సర్దుకుంది. మళ్లీ ఏప్రాన్ సర్దుకుంది.

"పిన్నిగారు ఎలా ఉన్నారు? అది చెప్పండి ముందు!"

"ఆవిడకేం, గుండ్రాయిలా ఉంది," అంది పెద్ద టీచరమ్మ. "తలుపు మూసేసినప్పట్నుంచీ నీ మీదే బెంగ. ఇందాక ఆయాను బతిమాలి చక్రాల కుర్చీ తెప్పించుకుని..."

అప్పుడే సిస్టరమ్మ భోజనం ముగించుకుని గుమ్మంలో నిలబడింది. ఖాళీ మంచం చూసింది. "ఈ పేషెంటు ఎక్కడ?" కంచును చూసింది. "నువ్వెవరు? లోపలికెలా వచ్చావు?"

ఎవరైనా జవాబు చెప్పేలోగా గోడలోంచి సన్నగా ఏదో వినిపించింది. రబ్బరు పట్టీ వెనకాల, నూతిలోంచి వచ్చినట్టు. పరీక్షల పిల్ల గెంతుకుంటూ వెళ్లి గొట్టం గడియ తీసింది.

"హలో! హలో! ఒసేయ్ కంచూ! నీకోసం నేను కిందికొస్తే నువ్వు పైకెందుకెళ్లావే? రాంగ్ నంబరు!"

వార్డంతా గొల్లుమంది. సిస్టరమ్మ గొట్టం వైపు, కంచు వైపు, మళ్లీ గొట్టం వైపు చూసింది. "అంటే... రేడియో..."

"రేడియో కాదండీ," అంది కంచు. "మేమే."

సిస్టరమ్మకు ఏం తిట్టాలో అర్థం కాలేదు. పేషెంటు తప్పిపోయినందుకు తిట్టాలా, మనిషి లోపలికి వచ్చినందుకు తిట్టాలా, గొట్టం తలుపు తీసినందుకు తిట్టాలా? "ముందు ఆవిడ దగ్గరికి తీసుకెళ్లు," అంది.

ఇద్దరూ కిందికి వెళ్లారు. ఆ ఆసుపత్రిలో నెత్తిన వెంట్రుకలు నెరిసేదాకా పనిచేసిన సిస్టరమ్మ నేలమాళిగలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. తలుపు తెరవగానే వేడి గాలి మొహాన కొట్టింది. గంజి పెట్టిన టోపీ మెత్తబడిపోయింది. లోపల ఆపరేటరమ్మ చక్రాల కుర్చీలో దర్బారు తీర్చి కూర్చుంది. ఒళ్లో దిండు గలీబుల గుట్ట. ఒక్కొక్కటీ మడిచి ఆయాకు అందిస్తూ, సన్నక్కకు ఏదో పాత కబురు చెబుతోంది. బాబాయి యంత్రం ఆపేసి మరీ వింటున్నాడు.

కంచు గుమ్మంలోనే ఆగింది. ఆపరేటరమ్మ తలెత్తి చూసింది. తెల్లటి పొట్టి జుట్టు, చెంపల మీద గుంటలు, పెద్ద కళ్లద్దాలు. కంచు ఊహించుకున్న మనిషికీ ఈవిడకీ పోలికే లేదు. ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు.

"నువ్వు కాదు," అంది ఆపరేటరమ్మ. "మాట్లాడు, చూద్దాం."

"ఏం మాట్లాడను పిన్నిగారూ?"

"ఆ, నువ్వే!" ఆవిడ రెండు చేతులూ చాచింది. కంచు వెళ్లి కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంటే, ఆవిడ ఆమె మొహాన్ని అరచేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "పోయానేమో అని భయపడ్డావా వెర్రిదానా?"

కంచు తల ఊపింది.

"ఏడవకు. నువ్వు ఏడిస్తే ఆసుపత్రి ఖాళీ అయిపోతుంది," అంది ఆపరేటరమ్మ. కంచు ఏడుస్తూనే నవ్వింది.

సిస్టరమ్మ ఒక పక్కన నిలబడి గదిని చూస్తోంది. తడి గచ్చు, ఆవిరి, గోడవారన మడిచి పేర్చిన తెల్లటి దొంతరలు. ఒక దుప్పటి సగం మడతలో బల్ల మీద వేలాడుతోంది. ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. అలవాటు కొద్దీ వెళ్లి కొస సరిచేయబోయింది. అది జారింది.

"అలా కాదండీ, రెండో మనిషి కావాలి," అంది సన్నక్క, రెండో కొస అందుకుంటూ. "మీరు వెనక్కి ఒక అడుగు వేయండి. ఆ... లాగండి. ఇప్పుడు దగ్గరకు రండి."

సిస్టరమ్మ వెనక్కి వేసింది, లాగింది, దగ్గరకు వచ్చింది. బాబాయి చెయ్యి దానంతట అదే యంత్రం మీద దరువు మొదలెట్టింది. కంచు కళ్లు తుడుచుకుని పాట అందుకుంది. చివరి మాట దగ్గర సిస్టరమ్మ అందరికంటే గట్టిగా దుప్పటి దులిపింది. ఆ ఊపుకు టోపీ ఎగిరి తొట్టిలో పడింది. ఆవిడ మొహంలో గంజి అంతా ఎటు పోయిందో గానీ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కుర్రపిల్లలా నవ్వింది.

నవ్వు ఆగాక మాత్రం మళ్లీ సిస్టరమ్మే అయింది. "గొట్టం తలుపు తెరిచి ఉంచడం కుదరదు. మాసిన బట్టల గాలి పేషెంట్లకి మంచిది కాదు. అందులో మరో మాటే లేదు."

అందరి మొహాలూ వాడిపోయాయి.

"అందుకని మీరే పైకి రండి," అంది ఆవిడ. "శనివారం మధ్యాహ్నం, పని అయ్యాక. చేతులు కడుక్కుని, శుభ్రమైన ఏప్రాన్లు వేసుకుని. పెద్ద డాక్టరుగారితో నేను మాట్లాడతాను. వచ్చేటప్పుడు ముందు లిఫ్టులో రండి, ఆ సరుకుల లిఫ్టు ఎప్పుడు ఆగిపోతుందో తెలీదు." తర్వాత కొంచెం తటపటాయించి అడిగింది, "ఇంతకీ మీ పేర్లు?"

అయిదుగురూ పేర్లు చెప్పారు. కంచు అసలు పేరు విని సన్నక్కే ఆశ్చర్యపోయింది. "అంత మెత్తటి పేరా నీది!"

శనివారం వచ్చింది. అయిదుగురూ వార్డు గుమ్మం దాకా వచ్చి, అలవాటు ప్రకారం అక్కడే ఆగిపోయారు. "రండి, రండి," అని లోపలి నుంచి కేకలు. బాబాయి చెప్పులు విడవాలా వద్దా అని తంటాలు పడ్డాడు. కంచు ముందు అడుగు వేసింది.

లోపలికి వెళ్లిన సన్నక్క మొదటి మంచం దగ్గరే నిలబడిపోయింది. దుప్పటి అంచు వేళ్లతో తడిమింది. "మన మడతేనే ఇది," అంది. ఇన్నేళ్లుగా వాళ్లు దుప్పట్లను మాసినప్పుడు చూశారు, తడిసినప్పుడు చూశారు, మడిచి పేర్చినప్పుడు చూశారు. మనిషి హాయిగా కప్పుకుని పడుకోగా చూడటం ఇదే మొదలు. ఒకావిడ దాన్ని గడ్డం దాకా లాక్కుంది. పరీక్షల పిల్ల దాన్ని కాలి మీద గుడారంలా నిలబెట్టుకుని కింద పుస్తకం పెట్టుకుంది. కుట్టు టీచరు అంచులో ఊడిన దారాన్ని తనే సూదితో కుట్టేసింది.

"చూశారా, ఎంత పొందికగా ఉన్నాయో!" అన్నాడు బాబాయి, మనవల్ని చూసిన తాతలా పొంగిపోతూ.

ఆపరేటరమ్మ ఆ వారమే ఇంటికి వెళ్లాల్సింది. కొడుకు కారు తెస్తే, "శనివారం నాకు పనుంది, సోమవారం రా," అని తిప్పి పంపేసింది. ఇప్పుడు కర్ర ఊతంగా నిలబడి, చప్పట్లు కొట్టి అందర్నీ ఊరుకోబెట్టి, "లైను కలిపాను, మాట్లాడండి," అంది.

కంచు ఎప్పటిలా దుప్పట్ల మీద పాట ఎత్తబోయింది. ఎదురుగా ఉన్న మొహాలు చూసి ఆ మాటలు వదిలేసింది. అక్కడికక్కడే వేరే చరణం కట్టింది. గెంతుకుంటూ వచ్చిన పిల్ల, దారం కుట్టిన టీచరు, కర్ర ఊతంగా నిలబడ్డ పిన్నిగారు, టోపీ పోగొట్టుకున్న సిస్టరమ్మ, అందరూ అందులోకి వచ్చేశారు. తన పేరు వచ్చిన ప్రతివాళ్లూ "ఓయ్!" అని కేకేశారు. నలుగురు లాండ్రీవాళ్లూ వంతపాట అందుకున్నారు. పక్క వార్డు నుంచి చేతికర్రలతో, చక్రాల కుర్చీలతో జనం గుమ్మం దగ్గర మూగారు.

రౌండ్సుకని వచ్చిన పెద్ద డాక్టరు ఆ గుంపును తోసుకుని లోపలికి వచ్చాడు. "ఏమిటిది? ఎవరు వీళ్లు?"

"మన లాండ్రీవాళ్లు సార్," అంది సిస్టరమ్మ. "మీకు చెప్పాను కదా. ముందు ఆ కుర్చీలో కూర్చోండి, వెనకవాళ్లకి కనపడటం లేదు."

ఆయన కూర్చున్నాడు. కాసేపటికి ఆయన బూటు కూడా నేల మీద ఆడటం మొదలెట్టింది. ఇంతలో పెద్ద టీచరమ్మ రెండు కట్లూ ఎత్తి మంచం పట్టీ మీద టప్ టప్ మని తాళం అందుకుంది.

"అమ్మా! ఆ ఎముకలు నేను అతికించినవి!" అన్నాడు పెద్ద డాక్టరు లేచి.

ఎవరికీ వినిపించలేదు. కంచు తర్వాతి చరణం ఎత్తుకుంది.